దేవకుమారికి డూప్

తనకి భార్యగా వెయ్యబోయేది ఒక ఫైటరని శివరామకృష్ణ మాష్టారికి షూటింగు మొదటిరోజు పొద్దున, మొహానికి మేకప్పు పడుతుండగా తెలిసింది.

"ఫైటరంటే?" అన్నారాయన, కళ్ళు మూసుకునే.

"డూప్ అండి. హీరోయిన్లు దూకాల్సినచోట వాళ్ళ బదులు దూకుతారు కదండీ, ఆవిడ. దేవకుమారి గారని. ఈ మండపేట ఆవిడేనండి," అన్నాడు మేకప్పు మనిషి.

మాష్టారికి లోపల చివుక్కుమంది. రాజమండ్రిలో ముప్ఫై నాలుగేళ్ళు తెలుగు పాఠం చెప్పి రిటైరైన మనిషి ఆయన. అంతకు మించి, నలభయ్యేళ్ళు పద్యనాటకాలు ఆడిన మనిషి. ఆయన రాగం ఎత్తుకుంటే మైకు కట్టెయ్యొచ్చని కోనసీమలో చెప్పుకునేవాళ్ళు. అరవై దాటాక సినిమాల్లోకి వచ్చి ఏడు వేషాలు వేశారు. రెండు పురోహితుడివి, రెండు జడ్జివి, తక్కినవన్నీ పెళ్ళిపందిట్లో కుర్చీలో కూర్చునే పెద్దమనిషివి. ఇన్నాళ్ళకి, అరవై ఎనిమిదో ఏట, పదకొండు సీన్లున్న వేషం దొరికింది. మూతపడ్డ రైసుమిల్లుకి కాపలా ఉండే ముసలి మొగుడూ పెళ్ళాల కథ. రోజూ తెల్లవారుతూనే కారు ఇంటికొచ్చి ఎక్కించుకుంటుందన్నారు. మొదటిరోజు ద్వారపూడి దాటేదాకా ఆయన కారులో తన డైలాగులే కాక, ఎదురుగా నిలబడబోయే భార్య డైలాగులు కూడా గొంతు మార్చి చెప్పుకుంటూ వచ్చారు. తీరా వస్తే ఫైటరట.

ఆగలేక దర్శకుడినే అడిగేశారు. దర్శకుడు శ్రీనివాసరాజు భీమవరం వైపు వాడు. ముప్ఫై రెండేళ్ళుంటాయి.

"రాజుగారూ, నటన తెలిసినవాళ్ళు ఎవరూ దొరకలేదాండీ?"

రాజు నొచ్చుకోలేదు. "మాష్టారండీ, మూడేళ్ళ కిందట నేను వేరే సినిమాకి అసిస్టెంటునండి. ఆవిడ మూడో అంతస్తు నుంచి దూకారు. అందరూ చప్పట్లు కొట్టి వెళ్ళిపోయారు. నేను కాసేపయ్యాక అటెళ్తే, ఓ మూల బస్తామీద కూర్చుని పెరుగన్నం తింటున్నారు. ఆ మొహం చూశాకే ఈ కథ రాశానండి. ఆవిడ చెయ్యనంటే సినిమా లేదు."

మాష్టారు మళ్ళీ వెళ్ళి మేకప్పు కుర్చీలో కూర్చున్నారు.

దేవకుమారికి నలభై నాలుగేళ్ళు. చామనఛాయ, బక్కపలచని మనిషి, భుజాలు మాత్రం వెడల్పు. ఎడమ కనుబొమని అడ్డంగా కోసేసిన పాతమచ్చ ఒకటి. మాష్టారిని చూడగానే కుర్చీలోంచి లేచి రెండు చేతులూ జోడించింది.

"నాకేవీ రాదండి మాష్టారూ. తప్పులు చేసేత్తానేమోనండి. తిట్టండి, ఏవనుకోను," అంది.

తిట్టాలన్న కోరిక అప్పటికి ఆయనకి నిజంగానే ఉంది. అంత వినయంగా అడిగేసరికి తిట్టబుద్ధి కాలేదు.

మొదటి షాటు చాలా చిన్నది. మాష్టారు వసారాలో పీట మీద కూర్చుంటారు. ఆవిడ కంచం తెచ్చి పెట్టి, తల ఎత్తి ఆయన వంక చూసి, "ఆరిపోతోంది, తినండి" అనాలి. అంతే. ఆవిడ కంచం తెచ్చింది, పెట్టింది, తల ఎత్తింది. ఎత్తీ ఎత్తగానే మొహం అటు తిప్పేసుకుంది. కెమెరాకి ముడీ, చెవీ మాత్రం దొరికాయి.

"మళ్ళీ చేద్దామమ్మా," అన్నాడు రాజు.

మళ్ళీ అంతే. ఆ పైసారీ అంతే. ఏడో టేకుకి కంచంలో అన్నం నిజంగానే ఆరిపోయి పెచ్చు కట్టింది. పన్నెండో టేకుకి లైట్ల దగ్గరున్నవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకోవడం మొదలెట్టారు. దేవకుమారి నుదురంతా చెమట. మూడో అంతస్తు నుంచి దూకిన మనిషి, కంచం పెట్టి ఒక్క చూపు చూడలేకపోతోంది.

"ఎందుకు తిప్పేస్తున్నారమ్మా?" అని మాష్టారే అడిగారు, పక్కకి తీసుకెళ్ళి.

"నేను తిప్పట్లేదండి. అదే తిరిగిపోతందండి," అందావిడ. "ఇరవయ్యారేళ్ళు ఒకటే మాట చెప్పేరండి నాకు. దేవీ, మొహం పడకూడదు, మొహం పడకూడదు అని. నా మొహం పడితే షాటు పోయినట్టే కదండీ. కెమేరా ఎక్కడుందో నా వీపుకి తెలిసిపోద్దండి. అది ఇటొత్తే నేను అటెళ్ళిపోతాను."

మాష్టారు ఆ మాటని అంతగా నమ్మలేదు. రానివాళ్ళు చెప్పే సాకు ఏదో ఒకటి ఉంటుంది కదా అనుకున్నారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక లైట్లు మారుస్తున్నారు. దేవకుమారి గోడవైపు తిరిగి కూర్చుని, చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. ఆవిడ వెనక, చప్పుడు లేకుండా, చక్రాల బల్లమీద కెమెరాని ఓ మూల నుంచి ఇంకో మూలకి లాగుతున్నారు. మాష్టారు ఊరికే చూస్తున్నవారల్లా ఒక్కసారి నిటారుగా కూర్చున్నారు. కెమెరా కుడికి జరిగినకొద్దీ ఆవిడ తల బెత్తెడు బెత్తెడుగా ఎడమకి వెళ్తోంది. కెమెరా ఆగితే తల ఆగింది. మళ్ళీ వెనక్కి లాగారు. తల కూడా మళ్ళీ వెనక్కి వచ్చింది. చేతులు మాత్రం రాళ్ళు ఏరుతూనే ఉన్నాయి. ఆవిడకి తను కదులుతున్న సంగతే తెలియదు.

మాష్టారు నలభయ్యేళ్ళు స్టేజీ మీద నిలబడ్డారు. జనం ఎదురుగానే ఉండేవాళ్ళు. అయినా వాళ్ళెక్కడున్నారో తన వీపుకి ఏనాడూ తెలియలేదు.

ఆయనే వెళ్ళి రాజుతో చెప్పారు. "ఆవిడని ఇవాళ ఇబ్బంది పెట్టకండి. పక్కనుంచి తీసుకోండి. చేతులు బాగున్నాయి, చేతులు తీసుకోండి. మొహం సంగతి నేను చూస్తాను."

అలా వారం రోజులు ఆవిడ చేతులూ, వీపూ, ఒక చెంపా మాత్రమే సినిమాలోకి వెళ్ళాయి. మాష్టారు రోజూ షాటుకీ షాటుకీ మధ్య ఆవిడని రేకులషెడ్డు కింద కూర్చోబెట్టి మాట పలకడం నేర్పడానికి చూశారు. తీరా చూస్తే ఆయన నేర్పిందాని కంటే విన్నదే ఎక్కువైంది.

దేవకుమారి తల్లి మరిడమ్మ మిల్లుల్లో కూలికెళ్ళేది. ఉడకబెట్టిన ధాన్యాన్ని సిమెంటు కళ్ళం మీద ఎండబోసి, కాళ్ళతో తిరగేసేది. పదిహేడేళ్ళ దేవకుమారి అమ్మకి సాయం వెళ్ళిన రోజున ఆ మిల్లులోకి సినిమావాళ్ళొచ్చారు. హీరోయిన్ మిల్లు పైవాకిట్లోంచి కదిలే లారీలో బస్తాలమీదకి దూకాలి. ఆవిడ బదులు ఓ మగమనిషికి లంగా, ఓణీ కట్టి దూకించారు. గాలికి లంగా లేచేసరికి గుంజల్లాంటి పిక్కలు కనిపించాయి. కళ్ళం మీద ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు.

"నవ్వింది ఎవత్తి అని అరిచేరండి ఫైటుమాస్టరు గారు," చెప్పింది దేవకుమారి. "నేనేనండి అన్నాను. నువ్వు దూకుతావా అన్నారు. మేం రోజూ దూకుతానే ఉంటావండి, దూకితే ఆ పరికిణీ ఓణీ నాకిచ్చేత్తారా అన్నాను."

"ఇచ్చారా?"

"ఆయ్, ఇచ్చేరండి. మావిడిపండు రంగు. మా చెల్లి పెళ్ళిదాకా కట్టేం."

ఆ మాస్టరుగారే మరిడమ్మ కాళ్ళావేళ్ళా పడి దేవకుమారిని హైదరాబాదు తీసుకెళ్ళాడు. సొంత ఇంట్లో, భార్య దగ్గర పెట్టి పని నేర్పాడు. మొదటి ఏడాదంతా స్టూలు మీంచి పడడమే. ముందుకి, వెనక్కి, పక్కకి. రోజుకి వందసార్లు. స్టూలు అయ్యాక బల్ల, బల్ల అయ్యాక గోడ, గోడ అయ్యాక డాబా.

"నేల మనకి శత్రువనుకుంటే ఒళ్ళు బిగుసుకుంటాదండి మాష్టారూ. బిగుసుకున్నదే ఇరిగేది. ఇదిగో వచ్చేత్తన్నాను, పట్టుకో తల్లీ అనుకుని ఒదిలెయ్యాలండి. అంతే. అది తెలియడానికే నాకు మూడేళ్ళు పట్టింది."

పదకొండు మంది హీరోయిన్లకి ఆవిడ ఒళ్ళయింది. పెళ్ళిచీరతో గూడ్సు రైలు పెట్టెలమీద పరిగెత్తింది. గుర్రం మీంచి పడింది. అద్దాల్లోంచి దూసుకొచ్చింది. ఒంటికి మందు రాసి నిప్పంటిస్తే మంటల్లో మెట్లు దిగింది.

"పదకొండు సెకన్లండి అది. పన్నెండో సెకను మనది కాదు," అంది, బస్సు టైము చెప్పినట్టు.

పోలవరం ఎగువన, వరదనీళ్ళల్లో, చేతులు వెనక్కి కట్టేసుకుని లాంచీ మీంచి దూకిన సంగతి ఒకరోజు చెప్పింది. నీళ్ళలో కట్లు విప్పుకుని పైకి రావాలి. ముడి తడిసి బిగిసిపోయింది. కాళ్ళతోనే ఈదుకుంటూ, ఫర్లాంగు దిగువన ఇసకతిప్పకి తగిలింది. వీళ్ళు పడవేసుకుని వెతుక్కుంటూ వచ్చేసరికి తిప్పమీద కూర్చుని పళ్ళతో ముడి ఊడదీసుకుంటోంది.

"మరి హీరోయిన్?" అన్నారు మాష్టారు.

"గట్టుమీదే ఉన్నారండి పాపం, భయపడిపోయేరు. తరవాత ఆరి జుట్టు మీద చెంబుతో నీళ్ళోసి క్లోజప్పు తీసేరు. బా వచ్చిందండి ఆ క్లోజప్పు. ఇప్పటికీ టీవీలో వేత్తారు."

ఆ మాటలో ఎక్కడైనా వెటకారం గాని, కడుపుమంట గాని ఉందేమోనని మాష్టారు ఆవిడ మొహంలోకి చూశారు. వెతికినా దొరకలేదు. మెడ దగ్గర ఎముక రెండుసార్లు విరిగింది. పక్కటెముకలు మూడు. కుడి మణికట్టులో స్టీలుపట్టీ ఉంది. పళ్ళు రెండు కట్టుడువి.

"మీ పేరు ఎప్పుడైనా తెరమీద పడిందాండీ?"

"ఫైట్స్, ఫలానా మాస్టర్ అండ్ పార్టీ అని పడద్దండి. ఆ పార్టీలో నేనుంటానండి," అని, పెళ్ళిభోజనానికి వెళ్ళొచ్చినదానిలా నవ్వింది.

ఆ సాయంత్రం కారులో తిరిగి వెళ్తూ మాష్టారు డైలాగులు వల్లెవేసుకోలేదు. చేతిసంచీలో ఎప్పుడూ ఉండే తన పాత నాటకాల ఫొటోల ఆల్బం ఆవిడకి చూపిద్దామని రెండు రోజులుగా అనుకుంటున్నారు. ఇంటికెళ్ళాక దాన్ని తీసి బీరువాలో పెట్టేశారు.

తొమ్మిదో రోజున పడే సీను వచ్చింది. కథలో మిల్లు పడగొట్టేస్తుంటారు. పై అటకమీద ఉండిపోయిన ట్రంకుపెట్టె కోసం ముసలావిడ ఎక్కుతుంది. పుచ్చిపోయిన చెక్కలు విరిగి పాతిక అడుగుల కిందకి పడిపోతుంది. మొగుడు పరిగెత్తుకొచ్చి చూసేసరికి ప్రాణం పోతుంది. రాజు రాసుకున్నది అదీ.

ఫైటుమాస్టరు పెదబాబు పొద్దున్నే దిగాడు. దేవకుమారితో పదిహేనేళ్ళు పనిచేసినవాడు. అట్టపెట్టెలతో బెడ్డు వేయించి, రిహార్సల్ ముగించుకుని షెడ్డు దగ్గరికి వస్తూనే "అక్కా, బావున్నావా" అని పలకరించాడు గాని మొహంలో మొహం పెట్టి చూడలేకపోయాడు. అతని వెనక ఇరవై రెండేళ్ళ అమ్మాయి ఉంది. దేవకుమారి కట్టుకున్న నీలంచీరే కట్టుకుంది. అలాంటి జాకెట్టే. తలమీద అదే నెరిసిన ముడి.

"దుర్గాశ్రీ అని, కాకినాడ పిల్ల. జిమ్నాస్టిక్స్ చేసేది," అన్నాడు పెదబాబు. "ఇవాళ నీకు డూప్, అక్కా."

దేవకుమారి ఆ పిల్లని తలనుంచి కాలిదాకా చూసింది. ఇరవయ్యారేళ్ళు వేరేవాళ్ళ చీరలు కట్టుకుని నిలబడిన మనిషికి, తన చీర కట్టుకుని వేరేవాళ్ళు ఎదురుగా నిలబడడం ఎలా ఉంటుందో మాష్టారికి ఊహకి అందలేదు.

"నేనుండగా ఈ పిల్లెందుకండి రాజుగారూ? పాతికడుగులే కదండీ," అంది చివరికి.

"మీ చేతిలో పట్టీ ఉందమ్మా. అదీగాక మీరిప్పుడు ఆర్టిస్టు. పడ్డాక క్లోజప్పు మీదే. మీకేమైనా అయితే నా సినిమా ఏమైపోవాలండి?" అన్నాడు రాజు.

దుర్గాశ్రీ గబుక్కున వంగి దేవకుమారి కాళ్ళకి దండం పెట్టింది. "మీ ఫాల్స్ అన్నీ చూశానండి మేడమ్. ఫోన్లో స్లో చేసుకుని చూసి నేర్చుకున్నాను."

"నావని ఎలా తెలుసమ్మా? వాటిల్లో నేనెక్కడా ఉండను కదా."

"పడేముందు మీరు ఎడమ భుజం కొంచెం దించుతారండి. ఇంకెవ్వరూ దించరు. నలభై మూడు సినిమాల్లో పట్టుకున్నానండి మిమ్మల్ని."

దేవకుమారి చేత్తో తన ఎడమ భుజాన్ని తడుముకుంది. అది అలా దిగుతుందని ఆవిడకే తెలియదు. ఎవరికీ కనిపించకుండా ఇరవయ్యారేళ్ళు దాక్కున్న మనిషిని, ఎక్కడో కాకినాడలో ఓ పిల్ల భుజాన్ని బట్టి ఆనవాలు కట్టేసింది. మాష్టారు పక్కకి తిరిగి కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు.

"సరే, పద," అంది దేవకుమారి. కొంగు నడుముకి బిగించి నిచ్చెన ఎక్కేసింది. ఎవరూ ఆపలేకపోయారు. అటకమీద ఒక్కొక్క చెక్కనీ మడమతో తట్టి చూసింది. అంచున నిలబడి కిందకి చూసింది. కింద ఊకలో దాచిపెట్టి అట్టపెట్టెలు వరసలుగా పేర్చి, వాటిమీద పరుపులు వేసి ఉన్నాయి.

దిగొచ్చి పెదబాబుతో, "బెడ్డు మూరెడు తూర్పుకి జరుపు," అంది.

"కొలిచే వేశానక్కా. రెండుసార్లు రిహార్సల్ కూడా అయింది."

"రిహార్సల్ ప్యాంటుతో చేసుంటది, ఈ చీరతో కాదు. ఆ ఎదురుకిటికీ పొద్దున మూసుంది, ఇప్పుడు తెరిచేరు. చెక్క ఇరిగినాక కుచ్చిళ్ళు గాలి పోసుకుంటాయి. పిల్ల ఇటు తిరుగుద్ది. జరుపు."

పెదబాబు ఒక్క క్షణం చూసి, ఎదురాడకుండా మనుషుల్ని పిలిచాడు. పెట్టెలన్నీ మళ్ళీ పేర్చడానికి ముప్పావుగంట పట్టింది. ఈలోగా దేవకుమారి దుర్గాశ్రీని కూర్చోబెట్టి చెవిలో ఏదో చెప్పింది. ఆ పిల్ల తల ఊపుతూ విన్నది.

షాటుకి అంతా సిద్ధమయ్యాక దేవకుమారిని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆవిడ పేరు రాసి ఉన్న కుర్చీ. పక్క కుర్చీలో మాష్టారు. యూనిట్టంతా తలలెత్తి పైకి చూస్తోంది. ఆయన మాత్రం పక్కకి చూశారు. ఎందుకు చూశారో ఆయనకే తెలియదు.

దేవకుమారి కళ్ళు మూసుకుంది. అరచేతులు తొడలమీద వెల్లకిలా పెట్టుకుంది. "యాక్షన్" అన్న కేక వినిపించింది. పైన చెక్క ఫెళ్ళుమంది. సరిగ్గా అప్పుడే కుర్చీలో కూర్చున్న మనిషి ఎడమ భుజం బొటనవేలంత కిందకి దిగింది. మెడ మెత్తబడింది. దవడ వదులయింది. ఒళ్ళంతా కుర్చీలోంచి జారిపోతున్నట్టయింది. కింద ఊక భళ్ళున లేచింది. ఆవిడ ఊపిరి వదిలి, కళ్ళు తెరవకుండానే, "బానే ఉంది, లేత్తది," అంది.

ఊక సర్దుకునేసరికి దుర్గాశ్రీ నవ్వుతూ లేచి నిలబడి ఉంది. పెదబాబు మాత్రం నవ్వలేదు. పరుపుమీద ఆ పిల్ల పడ్డ గుంట దగ్గరికెళ్ళి చూశాడు. గుంట తూర్పు అంచుకి జానెడు దూరంలో ఉంది. బెడ్డు పొద్దున వేసినచోటే ఉండి ఉంటే, ఆ చోట ఒట్టి సిమెంటు. పెదబాబు వచ్చి దేవకుమారి కుర్చీ పక్కన కింద కూర్చుండిపోయాడు. లైట్లవాళ్ళు, ట్రాలీవాళ్ళు, మొదటిరోజు ఆవిడని చూసి మొహాలు చూసుకున్నవాళ్ళు, ఎవరూ చెప్పకుండానే లేచి నిలబడ్డారు. చప్పట్లు కొట్టాలని కూడా ఎవరికీ తోచలేదు.

ఇంక క్లోజప్పు. దేవకుమారిని ఊకలో పడుకోబెట్టారు. కెమెరాని నేలకి దించి మొహానికి రెండడుగుల దూరంలో పెట్టారు. మాష్టారు పరిగెత్తుకొచ్చి మోకాళ్ళమీద కూలబడి, పేరు పెట్టి గావుకేక వెయ్యాలి. ఆ కేక కోసం ఆయన పది రోజులు సాధన చేశారు. ఆవిడకి మాట లేదు. కళ్ళు తెరిచి ఆయన్ని చూసి ప్రాణం వదలాలి.

"ఏమీ చెయ్యకండమ్మా. ఇప్పుడే పడ్డారనుకోండి, చాలు," అన్నాడు రాజు.

మాష్టారు పరిగెత్తుకొచ్చి కూలబడ్డారు. ఆవిడ మొహం అటు తిరిగే ఉంది. ఆయన ఎదురు చూశారు. ఆ తల మెల్లగా కదిలింది. కెమెరా ఉన్న వైపుకే కదిలింది. మొహం మొత్తం ఇటు వచ్చింది. కళ్ళు తెరుచుకున్నాయి.

ఆ చూపులో నొప్పి లేదు, భయం లేదు. ఎవరో లోపల్నుంచి పిలుస్తుంటే చెవి ఒగ్గి వింటున్నట్టుంది. ఒక్కొక్క వేలినీ, ఒక్కొక్క ఎముకనీ పేరు పెట్టి అడుగుతోంది, నువ్వున్నావా, నువ్వున్నావా అని. పడిన ప్రతిసారీ, ఎవరూ దగ్గరికి రాకముందు, చప్పట్లు మొదలవకముందు, ఆవిడ ఒక్కర్తీ అలా పడుకుని అడిగి ఉంటుంది. రైలుపెట్టె మీంచి పడ్డప్పుడు, మంటల్లోంచి వచ్చినప్పుడు, గోదారి ఇసకమీద. అప్పటికి కెమెరా ఆగిపోయి ఉండేది. ఆ మొహాన్ని ఇన్నేళ్ళలో ఏ కెమెరా చూడలేదు. ఇప్పుడు రెండడుగుల దూరంలో మాష్టారు చూస్తున్నారు.

ఆయనకి కేక రాలేదు. ఎన్ని రాగాలు పలికించిన గొంతో, అందులోంచి గాలి మాత్రమే వచ్చింది. పెదాలు కూడదీసుకుని, పక్కనున్నవాళ్ళకి కూడా వినపడనంత మెల్లగా, "ఉన్నావా?" అన్నారు.

కాగితంలో ఆ మాట లేదు.

ఆవిడ ఇంకో రెండు క్షణాలు లోపలికి విని, "ఆయ్, ఉన్నానండి," అంది.

రాజు కట్ చెప్పలేదు. చివరికి రాజు వచ్చి ఆవిడ పక్కన ఊకలోనే చతికిలబడి, చేతిలో కాగితాలు మడిచి జేబులో పెట్టేసుకున్నాడు.

"ఈవిడ చచ్చిపోదు మాష్టారండీ," అన్నాడు. "ఈ మొహం చూశాక కూడా చచ్చిపోయిందని తీస్తే నన్ను కొడతారండి జనం. నాలుగు రోజులు టైమివ్వండి, కథ మార్చుకొస్తాను."

సినిమా ఏడెనిమిది నెలలకి విడుదలైంది. పెద్ద ఊళ్ళలో మధ్యస్థంగా ఆడింది. మండపేటలో మాత్రం మొదటి ఆదివారం మార్నింగ్ షోకి మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ళు లారీలెక్కి వచ్చేశారు. దేవకుమారి తన తల్లి మరిడమ్మని పట్టుకుని తీసుకొచ్చింది. మరిడమ్మకి డెబ్భై అయిదేళ్ళు, చూపు తక్కువ, అందుకని ముందు వరసలోనే కూర్చున్నారు. కాకినాడనుంచి దుర్గాశ్రీ వచ్చింది. మాష్టారు రాజమండ్రి నుంచి ఇస్త్రీ పంచె కట్టుకుని వచ్చారు.

పేర్లు పడేటప్పుడు దేవకుమారి పేరు ఒక్కటే తెరమీద నిలిచింది. మరిడమ్మకి చదువు రాదు. "ఏదే, ఏదే?" అని అడుగుతూనే ఉంది. "అదేనమ్మా, ఆ తెల్లగా ఉన్నది," అని చూపించేలోగా పేరు మారిపోయింది.

అటక విరిగే సీను వచ్చింది. నీలంచీర గాలిలో విచ్చుకుంది. హాలంతా కెవ్వుమంది. వెనకనుంచి ఓ ఆడమనిషి లేచి, "అమ్మో, మన దేవి పడిపోయిందే! చూసేరా ఎలా పడిందో! ఎవత్తైనా పడగలదా అలాగ!" అని అరిచింది. ఈలలు మొదలయ్యాయి.

దేవకుమారి చటుక్కున లేచింది. తెరకి వీపు పెట్టి, జనం వైపు తిరిగి నిలబడింది. తెరమీది వెలుతురు ఆవిడ జుట్టు చుట్టూ మెరిసింది.

"ఆ పడ్డది నేను కాదు!" అంది. రోజుల తరబడి మాష్టారు ఎంత నేర్పినా రాని గొంతు అది. బాల్కనీ దాకా వినపడింది. "దుర్గాశ్రీ అని, కాకినాడ పిల్ల! ఇదిగో, ఇక్కడే ఉంది. లే అమ్మా. లేచి నిలబడు. అందరూ చూడండి ఈ పిల్లని!"

చెయ్యి పట్టుకుని లేపేసింది. దుర్గాశ్రీ బిత్తరపోయి నిలబడి, ఏం చెయ్యాలో తెలియక దండం పెట్టింది. హాల్లో వాళ్ళంతా సీట్లమీంచి లేచి మెడలు చాపి చూశారు. చప్పట్లు దడదడలాడాయి. ఆ పిల్ల ఏడుస్తోందో నవ్వుతోందో మాష్టారికి తెలియలేదు. ఆయన కూడా లేచి నిలబడి, చిన్నపిల్లాడిలా రెండు చేతులూ పైకెత్తి కొడుతున్నారు.

ఈ గొడవలో తెర వంక ఎవరూ చూడడం లేదు. మరిడమ్మ ఒక్కర్తే చూస్తోంది. గుడ్లప్పగించి, ముందుకి వంగి, తెర నిండా పరుచుకున్న కూతురి మొహం వంక చూస్తోంది. చూస్తూనే చెయ్యి చాపి, నిలబడి ఉన్న కూతురి చీరచెంగు పట్టుకుని గట్టిగా కిందకి లాగింది.

"ఒసే, అడ్డం నిలబడతావేంటే, కూకో! అక్కడ నువ్వు ఏదో చెప్పబోతన్నావు, నన్ను విననీ."